ఆరోగ్య లెక్కలు చెప్పే స్మార్ట్ చెవి మిషన్లు: ధర, ఖర్చుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా బాపు కాజీపేట డీజిల్ షెడ్డులో పని చేసి రిటైరయ్యాడు. ఇంజన్ల మోతలో అన్నేళ్లు గడిపిన చెవులు అరవై దాటేసరికి బాగా మందగించాయి. ఆయనకు మిషన్ కొనడానికి హనుమకొండలో, హైదరాబాద్‌లో తిరిగాను, ఒకసారి తప్పు కొన్నాను కూడా. అప్పటి నుంచి చుట్టాలు, బాపుతో పని చేసినవాళ్ల పిల్లలు, మా గల్లీవాళ్లు ఫోన్ చేసి అవే సందేహాలు అడుగుతున్నారు. ప్రతి ఒక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## కొనాలనుకునే ముందు

స్మార్ట్ మిషన్ అంటే ఏంటి? మామూలు డిజిటల్ మిషన్ కన్నా ఏం ఎక్కువ చేస్తుంది?

మామూలు డిజిటల్ మిషన్‌లో మైకు, చిన్న కంప్యూటర్ చిప్పు, స్పీకరు, బ్యాటరీ ఉంటాయి. మీ చెవి పరీక్షలో ఏ శబ్దం ఎంత తగ్గిందో చూసి, దాన్ని అంత మేరకే పెంచుతుంది. స్మార్ట్ మిషన్‌కు అదనంగా బ్లూటూత్, ఫోన్ యాప్ ఉంటాయి. కొన్నింటిలో కదలికను పసిగట్టే సెన్సర్ కూడా పెడతారు. దాంతో రోజుకు ఎన్ని అడుగులు నడిచారు, ఎంతసేపు కదలకుండా కూర్చున్నారు, ఎంతసేపు మనుషులతో మాట్లాడారు, కింద పడ్డారా అన్నవి లెక్కకట్టి యాప్‌లో చూపిస్తుంది. 2018లో స్టార్‌కీ కంపెనీ లివియో ఏఐ పేరుతో ఇలాంటిది తెచ్చింది. తర్వాత ఫోనాక్ కంపెనీ ఆడియో ఫిట్ మోడల్‌లో చెవి లోపల వెలుగు పంపి గుండె వేగం కొలిచే సెన్సర్ పెట్టింది. ఇవేవీ వినికిడిని పెంచవు. వినికిడి పని మైకు, చిప్పు, స్పీకరు చూసుకుంటాయి.

ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలా, నేరుగా మిషన్ షాపుకు వెళ్లాలా?

ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికే వెళ్లండి. గులిమి గట్టిపడి చెవి మూసుకుపోయినా, చెవిలో చీము కారుతున్నా, కర్ణభేరికి చిల్లు పడినా వినబడదు. వాటికి వైద్యం వేరే ఉంది. వరంగల్ ఎంజీఎంలో ఈఎన్‌టీ ఓపీ ఉంది, ప్రైవేటు డాక్టర్లకు కొదవ లేదు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. నిన్న బాగా వినబడి, ఇవాళ పొద్దున లేచేసరికి ఒక చెవి ఒక్కసారిగా మూగబోతే మిషన్ మాట పక్కన పెట్టి, వీలైతే ఆ రోజే, మూడు రోజులు దాటకుండా డాక్టర్‌కు చూపించండి. త్వరగా మందులు మొదలుపెడితే వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే ఆ అవకాశం చేజారిపోతుంది.

చెవి పరీక్షకు ఎంత అవుతుంది? షాపులో ఫ్రీగా చేస్తామంటున్నారు.

ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ అనే పరీక్షకు ప్రైవేటులో కొన్ని వందల రూపాయలు తీసుకుంటారు. షాపుల్లో ఫ్రీగా చేసినా ఫరవాలేదు, అయితే మూడు చూసుకోండి. శబ్దం రాని గదిలో చేయాలి. చేసేవారు పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో రిజిస్టరైన ఆడియాలజిస్టు, అంటే వినికిడి నిపుణుడు అయి ఉండాలి. పరీక్ష గీత ఉన్న కాగితం మీ చేతికి ఇవ్వాలి. మా దగ్గర మిషన్ కొంటేనే కాగితం ఇస్తామంటే అక్కడ కొనకండి. ఆ కాగితం చేతిలో ఉంటేనే నాలుగు చోట్ల ధర అడగగలుగుతారు.

బడ్జెట్ లేదు. రెండు చెవులకు బదులు ఒక చెవికి మంచి ఖరీదైనది కొంటే సరిపోతుందా?

రెండు చెవులూ తగ్గినవాళ్లకు, లక్షన్నర పెట్టి ఒక చెవికి కొనే కన్నా అదే డబ్బుతో రెండు చెవులకు కాస్త తక్కువ రకం కొనడం మంచిది. శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలియాలన్నా, పదిమంది మాట్లాడే చోట ఒకరి మాట పట్టుకోవాలన్నా మెదడుకు రెండు చెవుల నుంచీ సమాచారం కావాలి. రోడ్డు దాటేటప్పుడు లారీ హారన్ ఏ వైపు నుంచి వస్తోందో తెలియకపోతే ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఒక చెవి పూర్తిగా బాగుండి రెండోది మాత్రమే తగ్గితే, అలా ఎందుకు జరిగిందో డాక్టర్ తేల్చాకే మిషన్ సంగతి.

చెవుడు వస్తే మతిమరుపు కూడా వస్తుందట కదా. హెల్త్ ట్రాకింగ్ మిషన్ కొంటే అది రాకుండా ఆపుతుందా?

ఈ మాట చెప్పి ఖరీదైన మోడల్ అంటగట్టే వాళ్లున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. వినికిడి లోపానికీ మతిమరుపు జబ్బుకూ సంబంధం ఉందన్నది నిజం. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ నివేదిక, డిమెన్షియాకు, అంటే ఈ మతిమరుపు జబ్బుకు దారితీసే వాటిలో మనం మార్చుకోగలిగినవి 14 ఉన్నాయని చెప్పింది. అందులో వినికిడి లోపం ఒకటి. అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ల వయసున్న 977 మందిని మూడేళ్లు గమనించి చేసిన అచీవ్ అనే అధ్యయనం 2023లో వచ్చింది. అందరినీ కలిపి చూస్తే మిషన్ వాడినవాళ్లకూ వాడనివాళ్లకూ పెద్ద తేడా కనబడలేదు. అప్పటికే ముప్పు ఎక్కువగా ఉన్న వర్గంలో మాత్రం మిషన్ వాడినవాళ్లకు జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గే వేగం 48 శాతం తక్కువగా ఉంది.

ఆ మేలు చెవులకు సరిగ్గా అమర్చిన మిషన్‌తో వచ్చింది. అడుగులు లెక్కపెట్టినందువల్ల వచ్చింది కాదు. 25 వేల మిషన్ పెట్టుకుని రోజంతా మనవలతో మాట్లాడే మనిషికి, రెండు లక్షలది కొని బీరువాలో దాచిన మనిషి కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది.

## ధర సంగతి

సూటిగా చెప్పండి, ఎంతవుతుంది?

నేను అడిగిన చోట్ల ఒక్క చెవికి సుమారుగా చెప్పిన ధరలు ఇవి. చెవి వెనుక పెట్టుకునే మామూలు డిజిటల్ మిషన్ 10 వేల నుంచి 25 వేలు. బ్లూటూత్, చార్జింగ్ ఉన్న మొదటి మెట్టు మిషన్ 40 నుంచి 80 వేలు. మధ్యరకం 80 వేల నుంచి లక్షన్నర. పడిపోతే కబురు పంపడం, ఆరోగ్య లెక్కలు చెప్పడం లాంటివన్నీ ఉన్న పైమెట్టు మోడళ్లు లక్షన్నర నుంచి మూడు లక్షలు, కొన్ని అంతకన్నా ఎక్కువ. రెండు చెవులకు కాబట్టి రెండింతలు. ధర చెప్పినప్పుడు అది జతకా, ఒక్కదానికా అని మొదటే అడగండి. ఈ ఒక్క మాట అడగక ఇంటికొచ్చి బెంగపడ్డవాళ్లను చూశాను.

ఒకే కంపెనీ, చూడటానికి ఒకేలా ఉన్నాయి. ఒకటి 60 వేలు, ఇంకోటి రెండు లక్షలు. ఎందుకంత తేడా?

చాలా కంపెనీలు ఒకే డబ్బాను మూడు నాలుగు మెట్లుగా అమ్ముతాయి. కనబడే ఆకారం ఒకటే అయినా లోపల సాఫ్ట్‌వేర్‌లో తెరిచిన సౌకర్యాలు వేరు. పైమెట్టులో చానెళ్లు, అంటే శబ్దాన్ని విడగొట్టి విడివిడిగా సర్దే భాగాలు ఎక్కువ ఉంటాయి, చుట్టూ మోతను తగ్గించి ఎదుటి మనిషి మాటను పైకి తెచ్చే శక్తి ఎక్కువ. ఆరోగ్య సెన్సర్ల సౌకర్యాలు కూడా ఎక్కువగా ఈ మెట్టులోనే తెరుస్తారు.

ఇంకో సంగతి ఉంది. మీరు ఇచ్చే ధరలో మిషన్ ఒక్కటే ఉండదు. అమర్చడం, మళ్లీ మళ్లీ ట్యూనింగ్ చేయడం, కొన్నేళ్ల సర్వీసు కూడా అందులోనే ఉంటాయి. అందుకే 10 వేలు తగ్గించిన షాపు సర్వీసుకు ప్రతిసారీ డబ్బు అడిగితే చివరికి ఎక్కువే అవుతుంది.

మరి హెల్త్ ట్రాకింగ్ కోసం ఎక్కువ డబ్బు పెట్టడం లాభమా, దండగా?

నా అభిప్రాయం అడిగితే, వినికిడి కోసం ఏ మెట్టు కావాలో ముందు తేల్చుకోండి. ఆ మెట్టులోనే ఆరోగ్య లెక్కలు కూడా వస్తుంటే తీసుకోండి. వాటి కోసమే ఒక మెట్టు పైకి ఎక్కకండి. అడుగుల లెక్క, గుండె వేగం రెండు మూడు వేల రూపాయల చేతి గడియారం కూడా చూపిస్తుంది. మెట్టుకు మెట్టుకు తేడా ఒక జతకు 60 వేలో, లక్షో ఉంటుంది. ఆ డబ్బుతో ఏళ్ల తరబడి బీపీ, షుగరు పరీక్షలు చేయించవచ్చు.

మీ ఇంటి మనిషి రోజంతా ఎలాంటి చోట ఉంటాడో చూడండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురితో మాట్లాడుతూ, టీవీ చూస్తూ గడిపేవాళ్లకు మొదటి మెట్టు చాలావరకు సరిపోతుంది. ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య బేరాలాడే మనిషికి, బడిలో పాఠం చెప్పే టీచరుకు మోతలోంచి మాటను వేరు చేసే మధ్యరకం, పైరకం అవసరమే. వాళ్లు డబ్బు పెట్టినా అర్థం ఉంది.

ఆరోగ్య లెక్కలు నిజంగా పనికొచ్చే ఇళ్లు కూడా ఉన్నాయి. అమ్మ ఒక్కతే ఊళ్లో ఉండి, పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నప్పుడు, అంతకుముందు ఒకటి రెండు సార్లు ఆమె పడి ఉంటే, కబురు పంపే సౌకర్యానికి విలువ ఉంటుంది. వినికిడి తగ్గినవాళ్లు పడిపోయే అవకాశం కూడా ఎక్కువే. 2012లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు, స్వల్పంగా వినికిడి తగ్గినవాళ్లు కూడా పడిపోయినట్టు చెప్పే అవకాశం దాదాపు మూడింతలని గమనించారు. అలాంటి ఇంటికి ఈ ఖర్చు దండగ అని నేను అనను.

ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకే చెవి మిషన్ దొరుకుతోంది కదా?

అవి అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచేవి. గిన్నె పడ్డ చప్పుడు, పక్కింటి డీజే, మనవరాలి మాట అన్నీ కలిసి చెవిలో కొడతాయి. పెద్దవాళ్లు నాలుగు రోజులు పెట్టుకుని తలనొప్పి అని తీసేస్తారు. ఆ తర్వాత మంచి మిషన్ తెచ్చినా నమ్మరు. అసలు నష్టం అక్కడ ఉంది.

మా అన్న దుబాయ్ నుంచి, చెల్లె అమెరికా నుంచి తెస్తామంటున్నారు. అక్కడ చౌక అట. తెప్పించుకోవచ్చా?

జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అమెరికాలో 2022 అక్టోబర్ నుంచి కొన్ని రకాల మిషన్లు డాక్టర్ చీటీ లేకుండా దుకాణాల్లో అమ్ముతున్నారు. అవి పెద్దవాళ్లలో స్వల్ప, మధ్యస్థ లోపానికి మాత్రమే. తీవ్రంగా తగ్గిన చెవికి సరిపోవు.

ఇంకా రెండు చిక్కులున్నాయి. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. రెండోది, మిషన్ మీ చెవికి తగ్గట్టు ట్యూన్ చేయాలి. వేరే దేశంలో కొన్నదాన్ని ఇక్కడి సెంటర్లు ముట్టుకోకపోవచ్చు, ముట్టుకున్నా విడిగా ఫీజు అడుగుతారు. కొన్ని చోట్ల తమ దుకాణంలో తప్ప వేరేచోట తెరవకుండా సాఫ్ట్‌వేర్‌కు తాళం వేసి అమ్ముతారు. అన్న సెలవు మీద వచ్చి ఇచ్చిపోయాక ట్యూనింగ్ కోసం ఎవరి దగ్గరికి వెళ్తారో ముందే తేల్చుకోండి. ఆ డబ్బు అన్నను పంపమనండి, మిషన్ ఇక్కడే కొనండి.

హైదరాబాద్ వెళ్లి కొంటే తక్కువకు వస్తుందా?

మోడళ్లు ఎక్కువ చూడొచ్చు, బేరం కొంచెం ఎక్కువ కుదరొచ్చు. మొదటి మూడు నెలల్లో ట్యూనింగ్‌కు నాలుగైదు సార్లయినా వెళ్లాల్సి వస్తుంది. వరంగల్ నుంచి దాదాపు 145 కిలోమీటర్లు, భూపాలపల్లి నుంచో మంచిర్యాల నుంచో ఇంకా దూరం. పెద్దమనిషి, తోడుగా ఒకరు, బస్సు చార్జీలు, ఒకరోజు కూలి లెక్కేస్తే తగ్గించిన ధర అక్కడే పోతుంది. మీ ఊరికి దగ్గరలో సర్వీసు ఉన్న కంపెనీయే మీకు మంచి కంపెనీ.

ఈఎంఐ మీద తీసుకోవచ్చా?

ఇస్తున్నారు. వడ్డీ లేని ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, మొత్తం ఎంత కడతారో కాగితం మీద రాయించుకోండి. నగదు ఇస్తే ఎంత తగ్గిస్తారో అడిగితే అసలు వడ్డీ ఎంతో బయటపడుతుంది.

జీఎస్టీ అని కలుపుతున్నారు. నిజంగా ఉందా?

వినికిడి యంత్రం మీద జీఎస్టీ లేదు. విడిగా కొనే బ్యాటరీల లాంటి వాటి మీద పన్ను ఉంటుంది. మిషన్ ధర మీదే జీఎస్టీ వేస్తే బిల్లు చూపించమని అడగండి.

కొన్నాక ఇంకా ఖర్చులుంటాయా? ఐదేళ్లకు మొత్తం ఎంత?

మిషన్ మామూలుగా ఐదారేళ్లు వస్తుంది. కాబట్టి ఐదేళ్ల లెక్క వేసుకోవడమే సరైన పద్ధతి. ఉదాహరణకు ఒక జత రెండు లక్షలకు కొన్నారనుకోండి. ఐదేళ్లంటే 1825 రోజులు. రోజుకు దాదాపు 110 రూపాయలు పడుతుంది. 80 వేల జత అయితే రోజుకు 44 రూపాయలు.

దీని మీద వాడకం ఖర్చులు ఉంటాయి. బటన్ బ్యాటరీల మోడల్ అయితే, 312 సైజు బ్యాటరీ సుమారు వారం వస్తుంది. రెండు చెవులకు ఏడాదికి 104 బ్యాటరీలు, అంటే ఆరేసి ఉండే స్ట్రిప్పులు 17 లేదా 18. స్ట్రిప్ 300 చొప్పున ఏడాదికి 5 వేల పైన, ఐదేళ్లకు 26 వేల దగ్గర. చార్జింగ్ మోడల్‌కు ఈ ఖర్చు లేదు, కాని నాలుగైదేళ్లకు లోపలి బ్యాటరీ బలం తగ్గుతుంది. దాన్ని మార్చడానికి కంపెనీకి పంపాల్సి రావచ్చు. చెవిలోకి వెళ్లే రబ్బరు టోపీలు, గులిమి అడ్డుకునే జాలీలు అప్పుడప్పుడు మార్చాలి. చెవిలో ఉండే స్పీకరు తడికి, గులిమికి పాడైతే వారంటీ దాటాక వేలల్లో అవుతుంది. స్మార్ట్ మోడల్‌కు సరిపడే ఫోన్ లేకపోతే అదో పది పదిహేను వేలు, నెలనెలా డేటా రీచార్జ్. ఇవన్నీ కొనకముందే కలుపుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

## సర్కారు సాయం, ఇన్సూరెన్స్

ప్రభుత్వం ఉచితంగా ఇస్తుందట. ఎవరికిస్తారు? స్మార్ట్ మిషన్ ఇస్తారా?

కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద, 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు వినికిడి యంత్రాలు ఇస్తారు. నెల ఆదాయం 22,500 రూపాయల లోపు ఉంటే పూర్తి ఉచితం, 30,000 లోపు ఉంటే సగం ధర. అరవై దాటినవాళ్లకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. దానికి బీపీఎల్ కార్డు గాని, నెలకు 15,000 లోపు ఆదాయం గాని ఉండాలి. ఈ పథకాల మిషన్లు అలిమ్కో సంస్థ ద్వారా క్యాంపుల్లో పంచుతారు. క్యాంపు ఎప్పుడో కలెక్టరేట్‌లోని దివ్యాంగుల, వృద్ధుల సంక్షేమ శాఖలో అడగండి.

సర్టిఫికెట్ కోసం యూడీఐడీ కార్డుకు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేస్తే ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేస్తారు. మనవాళ్లు ఇప్పటికీ సదరం సర్టిఫికెట్ అనేదే ఇది. 2016 చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటే వినికిడి మందగించినవారు, 70 దాటితే బధిరులు.

ఇచ్చేది చెవి వెనుక పెట్టుకునే డిజిటల్ మిషన్. ఆరోగ్య సెన్సర్లు ఉండవు. అయినా అర్హత ఉంటే మొహమాటపడకుండా తీసుకోండి. ఇచ్చాక దగ్గరలోని ఆడియాలజిస్టుతో సరిగ్గా ట్యూన్ చేయించుకుంటే చక్కగా పనిచేస్తుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ కేంద్రం ఉంది. వినికిడి పరీక్షలకు, సలహాకు అక్కడికీ వెళ్లొచ్చు.

హెల్త్ ఇన్సూరెన్స్‌లో వస్తుందా?

చాలా పాలసీల్లో బయట పెట్టుకునే పరికరాలు రావని రాసి ఉంటుంది, చెవి మిషన్ అందులోకే వస్తుంది. ఆరోగ్య లెక్కలు చెబుతుంది కాబట్టి వైద్య పరికరంగా క్లెయిమ్ అవుతుందని ఎవరైనా అంటే, ఆ మాట ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి రాతలో తెప్పించమనండి.

సింగరేణిలో, రైల్వేలో రిటైరైనవాళ్లకు డబ్బు తిరిగి వస్తుందా?

కొన్నాక కాదు, కొనకముందే మీ సంస్థ ఆసుపత్రిలో అడగాలి. ఇలాంటి చోట్ల వాళ్ల డాక్టరే రాయాలి, ముందస్తు అనుమతి ఉండాలి, మిషన్ రకాన్ని బట్టి పరిమితి ఉంటుంది. ఆ పరిమితి మామూలు డిజిటల్ మిషన్‌ను దృష్టిలో పెట్టుకున్నది. పైన పెట్టేది మీ జేబు నుంచే అనుకుని లెక్క వేసుకోండి.

## షాపులో కూర్చున్నప్పుడు

ఏమేం అడగాలి? బిల్లులో ఏం ఉండాలి?

ముందు ట్రయల్ అడగండి. షాపులో ఏసీ గదిలో అన్నీ బాగానే వినబడతాయి. వారం రోజులు ఇంటికి ఇవ్వమనండి, డిపాజిట్ తీసుకున్నా ఫరవాలేదు. ఆ వారంలో ఇంట్లో, కిరాణా కొట్టులో, బస్టాండులో, ఫంక్షన్ హాల్లో పెట్టుకుని చూడాలి. నచ్చకపోతే డిపాజిట్ తిరిగి ఇచ్చే షరతు కాగితం మీద ఉండాలి.

బిల్లులో కంపెనీ, మోడల్, మెట్టు, రెండు మిషన్ల సీరియల్ నంబర్లు, వారంటీ ఎన్నేళ్లు, చార్జర్‌కు వారంటీ ఉందా, ఉచిత ట్యూనింగ్ ఎన్నిసార్లు అన్నవి రాయించండి. యాప్‌లోని ఆరోగ్య సౌకర్యాలు మన దేశంలో పనిచేస్తాయా, తర్వాత వాటికి డబ్బు కట్టాలా అని అడిగి, అక్కడే మీ ఫోన్‌లో తెరిపించి చూడండి.

ఏ ఫోనైనా పనిచేస్తుందా?

చేయదు. నేను మోసపోయింది ఇక్కడే. ఏ ఫోనైనా సరిపోతుందని ఒక షాపులో చెప్పారు. డబ్బు కట్టి ఇంటికొచ్చాక చూస్తే బాపు ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ తెరుచుకుంది గాని కాల్స్ నేరుగా చెవిలోకి రావు, మిషన్ పదేపదే డిస్‌కనెక్ట్ అయ్యేది. తిరిగి వెళ్లి అడిగితే ఫోన్ మార్చుకోమన్నారు. ఆ నెల ఫోన్‌కు ఇంకో 14 వేలు పెట్టాను. కంపెనీ వెబ్‌సైట్‌లో ఏ ఫోన్లు సరిపోతాయో పట్టీ ఉంటుంది. మీ ఫోన్ మోడల్ అందులో ఉందో లేదో చూసుకుని, డబ్బు ఇవ్వకముందే ఆ ఫోన్‌తో కలిపి ఒక కాల్ మాట్లాడించి చూడండి. పెద్దవాళ్లు బటన్ ఫోన్ తప్ప వాడమంటే ఆరోగ్య లెక్కల మోడల్ కొనకండి. లెక్కలు చూపించేదే ఫోన్ కదా.

చార్జింగ్ మోడల్ మంచిదా, బ్యాటరీలదా?

చేతులు వణికేవాళ్లకు, చూపు తగ్గినవాళ్లకు చార్జింగ్ మోడల్. కరెంటు సరిగ్గా లేని చోట, మేడారం జాతర లాంటి చోట్లకు వెళ్లి రెండు మూడు రోజులు ఉండేవాళ్లకు బ్యాటరీలది. ఆరోగ్య సెన్సర్లున్న మోడళ్లు ఎక్కువగా చార్జింగ్‌వే.

## వాడటం మొదలుపెట్టాక

అమ్మ కింద పడితే నిజంగా నాకు ఫోన్ వస్తుందా?

వస్తుంది, కొన్ని షరతుల మీద. మిషన్ చెవిలో ఉండాలి. ఫోన్ దగ్గరలో, బ్లూటూత్ అందే దూరంలో ఉండాలి. ఫోన్‌కు నెట్ ఉండాలి. యాప్‌లో ముందే ఇద్దరు ముగ్గురి నంబర్లు పెట్టి, వాళ్లు అంగీకరించి ఉండాలి. అప్పుడు పడినట్టు మిషన్ పసిగట్టి, కొన్ని క్షణాలు ఆగి, మనిషి వద్దని ఆపకపోతే వాళ్లకు మెసేజ్ పంపుతుంది. కొన్నిసార్లు పడినా పసిగట్టలేకపోవచ్చు కూడా. మెల్లగా గోడకు జారి కూలబడితే తెలియకపోవచ్చు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. బాపు ఒకరోజు తెల్లవారుజామున బాత్రూమ్‌కు వెళ్తూ జారి పడ్డాడు. మిషన్ చార్జర్‌లో ఉంది. ఏ కబురూ రాలేదు. అమ్మ చప్పుడు విని లేచింది. రాత్రిపూట మిషన్ తీసి చార్జింగ్ పెడతారు, పెద్దవాళ్లు రాత్రి లేచినప్పుడు కూడా పడే ముప్పు ఉంటుంది. ఆ మర్నాడే బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ, జారని చాప, దారిలో రాత్రంతా వెలిగే చిన్న బల్బు పెట్టించాను. అన్నీ కలిపి మూడు వేలు దాటలేదు. మీరు ఏ మోడల్ కొన్నా ఈ మూడూ ముందు చేయించండి.

అడుగులు, గుండె వేగం లెక్కలు నమ్మొచ్చా?

ఈ నెల పోయిన నెల కన్నా నడక తగ్గిందా అని చూడటానికి పనికొస్తాయి. గతుకుల రోడ్డు మీద ఆటోలో వెళ్లినప్పుడు బాపు అడుగులు పెరిగిపోవడం చూశాను. గుండె వేగం చూసి మందులు మార్చడం, ఆపడం చేయకండి. ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే యాప్‌లో అంకె ఎంత బాగున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది రోజుకు ఎన్ని గంటలు పెట్టుకున్నాడన్న లెక్క. అది మామూలు డిజిటల్ మిషన్లలోనూ ఉంటుంది, ట్యూనింగ్‌కు వెళ్లినప్పుడు ఆడియాలజిస్టు చూసి చెబుతారు. బాపు రోజంతా పెట్టుకుంటున్నానని అనేవాడు, లెక్కలో రెండు గంటలే ఉంది. ఎందుకని నెమ్మదిగా అడిగితే ఎడమ చెవిలో టోపీ ఒరుసుకుని నొప్పి పెడుతోందన్నాడు. సైజు మార్చగానే వాడకం పెరిగింది.

మా అమ్మ ఆరోగ్య వివరాలు కంపెనీకి వెళ్తాయా?

యాప్‌లో ఖాతా తెరిచి అనుమతి ఇస్తే వెళ్తాయి. ఖాతా పిల్లల ఈమెయిల్‌తో కాక అమ్మ పేరుతో, ఆమెకు చెప్పి తెరవండి. అక్కర్లేని అనుమతులు ఆపేయండి. రోజూ ఎంతసేపు మాట్లాడింది, ఎక్కడికి వెళ్లిందన్నది పిల్లలు చూడటం ఆమెకు ఇష్టం లేకపోతే ఆ మాట వినాలి.

మన ఎండలకు, వానలకు ఆగుతుందా?

రామగుండం, వరంగల్ ఎండల్లో బండి డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే లోపలి బ్యాటరీ దెబ్బతింటుంది. చెమట ఇంకో శత్రువు. తలకు తువ్వాల చుట్టుకునేవాళ్లకు బట్ట మైకుకు రాసుకుని గరగర వినబడుతుంది, తువ్వాల తీసేటప్పుడు మిషన్ కూడా ఊడి పడుతుంది. రాత్రి తీశాక పొడి గుడ్డతో తుడవండి. బ్యాటరీ మోడల్ అయితే తలుపు తెరిచి, తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టండి. నీళ్లు తట్టుకుంటుందని రాసి ఉన్నా స్నానానికి ముందు తీసేయాలి.

ఇంత పెట్టి కొంటే మా నాయిన పెట్టుకోనంటున్నాడు. ఏం చేయాలి?

కోప్పడకండి. ఏళ్ల తర్వాత ఫ్యాను చప్పుడు, గిన్నెల చప్పుడు, తన సొంత గొంతు కొత్తగా వినబడుతుంటే ఎవరికైనా చికాకే. మొదటి వారం ఇంట్లో రోజుకు రెండు మూడు గంటలు చాలు, తర్వాత మెల్లగా పెంచండి. అలవాటు పడటానికి నెల నుంచి మూడు నెలలు పడుతుంది. తన గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుంటే, కీచుమని కూస్తుంటే అవి ట్యూనింగ్‌తో, టోపీ మార్పుతో సర్దుబాటవుతాయి. ఇంట్లోవాళ్లు కూడా వంటింట్లోంచి కేకేయడం మానేసి, ఎదురుగా నిలబడి మామూలు గొంతుతో మాట్లాడాలి.

ఒకటి ఎక్కడో పడిపోయింది. ఒక్కదాన్నే కొనొచ్చా?

కొనొచ్చు, అదే మోడల్ ఇంకా దొరుకుతుంటే. యాప్‌లో చివరిసారి ఫోన్‌తో కలిసి ఉన్న చోటు చూపించే సౌకర్యం ఉంటే ముందు అక్కడ వెతకండి. కొన్ని కంపెనీలు వారంటీ లోపు పోయినదానికి తగ్గింపు ధరలో ఇంకోటి ఇస్తాయి, ఆ షరతు ఉందా అని కొనేటప్పుడే అడిగి పెట్టుకోండి.

తాత పోయారు. ఆయన రెండు లక్షల మిషన్లు అమ్మమ్మకు పెట్టొచ్చా?

నేరుగా పెట్టకూడదు. తాత చెవికి తగ్గట్టు పెట్టిన శబ్దం అమ్మమ్మకు ఎక్కువై ఉన్న వినికిడికే హాని చేయవచ్చు. అమ్మమ్మకు పరీక్ష చేయించి, ఆ కాగితంతో మిషన్లు ఆడియాలజిస్టుకు ఇవ్వండి. లోపం స్థాయికి మిషన్ శక్తి సరిపోతే పాత సెట్టింగులు చెరిపి, టోపీలు మార్చి, మళ్లీ ట్యూన్ చేస్తారు. యాప్‌లో తాత ఖాతా, ఆయన పెట్టుకున్న నంబర్లు తీసేసి కొత్తగా తెరవాలి. ఫీజు కొన్ని వేలే అవుతుంది.